కాకికి బోను లేదు

చిన్నపిల్లలతో విశాఖ జూకి వెళ్ళి వచ్చామని తెలిసి మా వీధిలో ఇద్దరు ముగ్గురు అడిగారు, ఎలా ఉంది, పిల్లలతో వెళ్ళొచ్చా అని. నోటితో చెబితే పులి, ఏనుగు అని చెప్పి ఊరుకుంటాను. అందుకని రాస్తున్నాను. రైలుబండ్ల వేళలు, లాడ్జీల వివరాలు ఇందులో లేవు. అవి ఫోన్లో దొరుకుతాయి. మూడేళ్ళ పిల్లనీ ఏడాదిన్నర పిల్లాణ్ణీ వెంటబెట్టుకుని వెళ్తే ఏం జరుగుతుందో, అది మాత్రం ఉంది.

తణుకు

వెళ్దామన్నది మా అమ్మాయి మాధవి. భీమవరంలో ఉంటుంది. అల్లుడిది రొయ్యల మేత వ్యాపారం, అతనికి ఊరు కదలడం కుదరలేదు. నేను తణుకులోనే ఒక కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. మాకు మగపిల్లలు లేరు కనుక కర్మ నేనే చేశాను, నెలనెలా మాసికాలూ నేనే పెడుతున్నాను. ఏడాది తిరిగేదాకా నేను గుడికి వెళ్ళకూడదు, కొండ ఎక్కకూడదు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికైనా వెళ్దామంటే మా వైపు ముందుగా గుర్తొచ్చేవి ద్వారకా తిరుమల, అన్నవరం, సింహాచలం. మూడూ కొండలే. మిగిలింది జూ.

కానీ అసలు కారణం వేరే ఉంది. మొదటి మాసికం నాడు పిట్టగోడ మీద అన్నం ముద్ద పెట్టి నిలబడ్డాను. పక్కన మనవరాలు ఆద్య ఉంది. "అమ్మమ్మ ఏది?" అని అప్పటికి చాలా రోజులుగా అడుగుతోంది. కాకి వచ్చి వాలింది. "అదిగో, అమ్మమ్మ వచ్చింది," అన్నాను. మా ఇళ్ళల్లో అందరూ అనే మాటే. నేను నమ్మి అనలేదు, ఆలోచించీ అనలేదు. పిల్ల నమ్మింది. ఆ రోజు నుంచి ఆద్యకి కనిపించిన ప్రతి కాకీ అమ్మమ్మే. భీమవరంలో డాబా మీద ఉన్నా అమ్మమ్మే, చేపల మార్కెట్ దగ్గర వంద ఉంటే వందా అమ్మమ్మే. మొదట్లో చూసి నవ్వుకున్నాం. నవ్వాక లోపలికి వెళ్ళి ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చాం.

ఈ మధ్య పక్కింటి పిల్లాడు కాకిని రాయి పెట్టి కొట్టాడు. దెబ్బ తగల్లేదు, కాకి ఎగిరిపోయింది. ఆద్య మాత్రం సాయంత్రం దాకా ఏడ్చి రెండు రోజులు జ్వరంతో పడుకుంది. అప్పుడు మాధవి ఫోన్ చేసింది.

"రేపు కరెంటు తీగ మీద కాకి చచ్చి పడితే దీనికి ఏం చెప్తారు నాన్నా?"

తనే మళ్ళీ అంది.

"మీరు చెప్పిన మాట కాబట్టి మీరే సరిచేయాలి. నేను చెప్పినా నమ్మడం లేదు, తాతయ్య చెప్పాడు అంటోంది. జూకి తీసుకెళ్దాం. అన్ని జంతువులనీ పక్షులనీ చూస్తూ ఉంటుంది కదా, అక్కడ చెప్పండి. కాకి కూడా అలాంటిదే అని తెలుస్తుంది."

సరే అన్నాను. సరే అన్నాక నాకు ఆ రాత్రి నుంచి పిల్లకి ఏ రెండు వాక్యాల్లో చెప్పాలా అన్నదే బుర్రలో తిరిగింది. నలభై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికినవాడికి రెండు వాక్యాలు దొరకలేదు.

ఆదివారం పొద్దున్న వాళ్ళు ముగ్గురూ భీమవరంలో ఎక్కిన బండిలోనే నేను తణుకులో ఎక్కాను. కిటికీ పక్క సీటు నాకోసం ఉంచానని ఆద్య చెప్పింది. తమ్ముడు నందు అప్పటికే దాని మీద పాలు ఒలకబోశాడు.

గోదావరి మీద

మా ఎదురుగా సత్తెమ్మ గారని ఒకావిడ కూర్చుంది. నరసాపురం అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఎండుచేపల వ్యాపారం, విశాఖలో కూతురి దగ్గరికి వెళ్తోంది. కాళ్ళ దగ్గర గోనెసంచి ఉంది. అందులో ఏముందో రైలుపెట్టె మొత్తానికీ తెలుస్తూనే ఉంది.

"వాసనొస్తోందా బాబుగారూ? ఏమనుకోకండి. కూతురికి అక్కడ దొరకవంట. సముద్రం పక్కనే కూర్చుని దొరకవంటదండి."

నిడదవోలులో బండి కాసేపు ఆగింది. ప్లాట్‌ఫాం మీద ఎవరో పారేసిన ఇడ్లీ పొట్లం దగ్గరికి రెండు కాకులు వచ్చాయి. ఆద్య కిటికీ ఊచల్లోంచి తన చేతిలో ఇడ్లీ ముక్క విసిరి, "అమ్మమ్మా, ఇది వేడిగా ఉంది, ఇది తిను," అంది.

సత్తెమ్మ గారు బయటికి తొంగి చూసింది. ఆడమనిషి కోసం వెతికినట్టుంది. తర్వాత కాకుల్ని చూసింది, నన్ను చూసింది.

"ఎన్ని నెలలైందండి?"

"ఎనిమిది."

తల ఊపింది. తన సంగతి మొదలుపెట్టింది. "మా ఆయన పోయినప్పుడు పెద్దకర్మ రోజున పొద్దెక్కేదాకా కాకి రాలేదండి. అరిశెలు పెట్టాం, గారెలు పెట్టాం, రాదు. ఊరంతా ఎండలో నిలబడిపోయారు. ఆఖరికి మా మరిది వెళ్ళి గుప్పెడు ఎండు మెత్తళ్ళు తెచ్చి వేశాడు. ఒకటి కాదు, పది వచ్చాయి. మా ఆయనకి మెత్తళ్ళంటే ప్రాణమండి." గోనెసంచిని కాలితో లోపలికి తోసి, "కాకులకీ ప్రాణమేననుకోండి," అంది.

మాధవి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

"చిన్నపిల్ల, పోనివ్వండి. పెద్దయ్యాక దానికే తెలుస్తుంది," అంది సత్తెమ్మ గారు.

నాకు ఆ మాట ఎంతో హాయిగా అనిపించింది. కానీ మాధవి ఊరుకోలేదు. రాయి సంగతీ, జ్వరం సంగతీ చెప్పింది. సత్తెమ్మ గారు వెంటనే మాట మార్చేసింది. "అయితే చెప్పేయండి బాబుగారూ. జ్వరం దాకా వెళ్ళాక ఇంక ఆగకూడదు."

గోదావరి వంతెన ఎక్కగానే పెట్టెలో సగం మంది చిల్లర కోసం వెతుక్కున్నారు. ఈ అలవాటు వంతెన దాటి అటు పోతున్న కొద్దీ తగ్గిపోతుందనుకుంటాను. దారిలో తక్కిన ఏ ఏటికీ ఎవరూ లేచి నిలబడలేదు. ఆద్య రూపాయి విసిరి దణ్ణం పెట్టింది. నందు చేతికీ ఒక రూపాయి ఇచ్చాం. వాడు రెండో చేతిలో ఉన్న బిస్కెట్ నదిలోకి విసిరి, రూపాయి నోట్లో పెట్టుకున్నాడు. మేమిద్దరం కేకలు పెడుతుంటే సత్తెమ్మ గారు వాడి దవడ పట్టుకుని, ముల్లు తీసినంత తేలిగ్గా వేలితో రూపాయి లాగేసింది. తడి రూపాయి చీరకి తుడిచి కిటికీలోంచి నీళ్ళలో వేసింది.

"ఎవరిది వాళ్ళకి చేరిపోయిందిలెండి," అంది.

సోమవారం

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. సోమవారం జూకి సెలవు. ఆదివారం జనం ఎక్కువగా ఉంటారని మేము తెలివిగా సోమవారం పెట్టుకున్నాం. ఆటో దిగి, మూసిన గేటు ముందు నిలబడి, లోపల్నుంచి ఏదో జంతువు అరుపు వింటూ పది నిమిషాలు గడిపాం. ఆటో అతను వెళ్ళిపోలేదు, పక్కకి ఆపి చూస్తున్నాడు.

"మీకు తెలుసా ఇవాళ సెలవని?" అన్నాను.

"తెల్సు బాబూ. మీరు ఆఫీసోళ్ళేమో అనుకున్నాను."

పాలసీసా మెడకి వేలాడేసుకున్న వాడిలో అతనికి ఏ ఆఫీసు కనిపించిందో తెలియదు. అతని ఆటోలోనే బీచ్‌కి వెళ్ళాం.

సముద్రం గురించి చాలామంది చాలా రాశారు. నేను కలపవలసింది ఏమీ లేదు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, నందు తాగి చూశాడు. ఒడ్డున ముంత మసాలా అమ్ముతున్నారు. మరమరాల్లో ఉల్లిపాయ, టమాటా, కారం వేసి ముంతలో గిలకొట్టి కాగితం పొట్లంలో ఇస్తారు. "ఏటి తాతగారూ, కారం ఎక్కువెయ్యనా?" అని అడిగాడు అమ్మేవాడు. మా వైపు అండి తగిలించకపోతే మాట ముగిసినట్టు ఉండదు. ఇక్కడ అండి లేకుండానే అంత మర్యాదా ఉంది. మధ్యాహ్నం హోటల్లో పెసరట్టు అడిగితే, లోపల ఉప్మా పెట్టమంటారా అని అడిగారు. తణుకులో అది అడిగే సంగతి కాదు, పెట్టి తెస్తారు.

బీచ్‌లో కాకులు చాలా ఉన్నాయి. ఆద్య ఒక్కొక్క దానికీ ఒక్కొక్క మరమరం వేసుకుంటూ తిరిగింది. జూ మూసి ఉండడం నాకు ఒక విధంగా సెలవులాగే ఉంది. మాధవి నన్ను చూస్తూనే ఉంది.

"మీరు హాయిగా ఉన్నారు ఇవాళ," అంది.

"సముద్రం గాలి."

"రేపు జూ తెరుస్తారు నాన్నా."

జూలో

మంగళవారం పొద్దున్నే వెళ్ళాం. ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం రోడ్డు, మధ్యలో నడిచినా నడిచినా తరగనంత చోటు. పిల్లలతో వెళ్ళేవాళ్ళు బ్యాటరీ బండి ఎక్కడం మంచిది. మేము ముందు నడిచాం. నడిచాం అంటే, నందు నా భుజం మీద, వాడి సంచి మాధవి భుజం మీద, ఆద్య మా ఇద్దరికీ మధ్య.

పిల్లలు చూసే జూ వేరు, మనం చూసే జూ వేరు. పులి మాకు ఇరవై అడుగుల దూరంలో అటూ ఇటూ తిరుగుతుంటే నందు కింద చీమల బారు చూశాడు. చుట్టూ వాళ్ళంతా "పులి, పులి" అంటున్నారు, వాడు "చీమ" అన్నాడు. వాడికి కొత్తగా వచ్చిన మాటల్లో అది ఒకటి. ఏనుగు దగ్గర వాడికి నచ్చింది కుళాయి. కుళాయి కింద కూర్చుని, లేవనని ఏడ్చి, ఒక బూటు బురదలో పోగొట్టుకున్నాడు. జిరాఫీని చూసి ఆద్య, "దీనికి గొంతు నొప్పి వస్తే చాలా వస్తుంది," అంది. ఆ రోజు జంతువుల గురించి నేను విన్న మాటల్లో అంత బుద్ధిగలది ఇంకొకటి లేదు.

పక్షుల దగ్గర చిలకలు, నెమళ్ళు, పేర్లు తెలియని రంగురంగులవి వరసగా ఉన్నాయి. ఆద్య ఒక్కొక్క బోనూ చూస్తూ చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"తాతయ్యా, అమ్మమ్మ బోను ఏది?"

మాధవి నా వైపు చూసింది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు.

"కాకికి బోను లేదమ్మా. అది బయటే ఉంటుంది," అన్నాను.

అబద్ధం కాదు. చెప్పవలసిన మాటా కాదు. మాధవి నందు రెండో బూటు విప్పి సంచిలో పెట్టుకుంది.

నీటిగుర్రాల దగ్గర ఒక కీపర్ తోపుడుబండిలో పచ్చగడ్డి తెచ్చి వేస్తున్నాడు. వయసు మీదపడిన మనిషి. ఆద్య అతన్ని ఇవి పళ్ళు తోముకుంటాయా అని అడిగింది. "నేదమ్మా, అందుకే చూడు, ఎలాగున్నాయో," అన్నాడు. నాకు ఎందుకో అడగాలనిపించి, జంటలో ఒకటి చనిపోతే రెండోదానికి తెలుస్తుందా అని అడిగాను.

"నీటిగుర్రాల సంగతి నాకు తెల్దు బాబూ. ఎలుగుల దగ్గర చూశాను, శానా ఏళ్ళయింది. ముసిల్ది, పోనాది. రెండోది ఓ పది రోజులు ఆ మూలే తిరిగింది. మేత పెడితే సగం తిని సగం ఉంచీసేది. దాని కోసం." తోపుడుబండి పిడి పట్టుకున్నాడు. "మనం చెప్పగలమేటి దానికి? భాష నేదు."

బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకి చెట్టు కింద దుప్పటి పరిచి కూర్చున్నాం. హోటల్లో కట్టించుకున్న పెరుగన్నం, అరటిపళ్ళు. వాసన పట్టి కాకి వచ్చింది. ఆద్య తన ఆకులో అన్నాన్ని చేత్తో రెండుగా విడదీసి, ఒక సగం దుప్పటి అంచుకి జరిపింది. "ఇది అమ్మమ్మకి." కాకి దగ్గరికి గెంతింది. అప్పుడే అటు ఊడ్చుకుంటూ వస్తున్న ఒకావిడ, మాకు మేలు చేద్దామనే, చీపురు ఎత్తి "హుష్" అని దాని మీదికి వెళ్ళింది.

ఆద్య లేచి నిలబడి కేక పెట్టింది. ఏడుపు కాదు. "కొట్టద్దు, కొట్టద్దు," అంటూ గుక్క తిప్పుకోలేకపోయింది. ఊడ్చే ఆవిడ చీపురు కింద పడేసి, "నేనేటి చేశాను తల్లీ," అంటోంది. నందు అక్కని చూసి ఏడుపు మొదలుపెట్టాడు. మాధవి వాణ్ణి ఎత్తుకుంది, ఆద్యని ఎత్తుకోలేదు.

నేను ఆద్యని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. ఊపిరి అందేదాకా ఆగాను. రెండు వాక్యాలూ ఎప్పుడూ తేలిగ్గానే ఉన్నాయి.

"అది కాకి అమ్మా, అమ్మమ్మ కాదు. అమ్మమ్మ చనిపోయింది, ఇంక రాదు."

"నువ్వే అన్నావు."

"తప్పు చెప్పాను."

తాతయ్య తప్పు చెప్పడం గురించి పిల్ల కాసేపు ఆలోచించింది.

"మరి అన్నం ఎవరికి పెడుతున్నావు?"

"అమ్మమ్మని తలుచుకుని పెడుతున్నాను. తినేది కాకి."

"అమ్మమ్మకి ఆకలెయ్యదా?"

"వెయ్యదు."

"సూది?"

ఆఖరి రోజుల్లో మా ఆవిడ చేతికి ఎప్పుడూ సూది ఉండేది. ఆద్య ఆ చేతి మీద ఊదుతూ మంచం పక్కన నిలబడేది.

"సూది కూడా ఉండదు. నొప్పి లేదు."

"కాకికీ సూది లేదు," అంది. అది ప్రశ్నో కాదో నాకు తెలియలేదు. లేదు అన్నాను. నా ఒళ్ళోంచి దిగింది. దుప్పటి అంచుకి జరిపిన సగం వెనక్కి లాక్కుని తినడం మొదలుపెట్టింది. మొత్తం తినేసింది. కాకి కొమ్మ మీద నుంచి చూస్తూనే ఉంది. ఊడ్చే ఆవిడకి అరటిపండు ఇవ్వబోతే వద్దని, తర్వాత తీసుకుని, నందుకి సగం పెట్టింది. మాధవి చాలాసేపు సంచిలో ఏదో వెతుకుతూ తల ఎత్తలేదు.

భోజనం అయ్యాక బ్యాటరీ బండి ఎక్కి ఖడ్గమృగాన్ని చూశాం. అది నిద్రపోతోంది. పిల్లలూ నిద్రపోయారు.

తిరుగు బండి

బుధవారం బయల్దేరాం. కొత్తగా తెలిసిన సంగతి ఏదైనా ఆద్య తనలో దాచుకునే పిల్ల కాదు. అనకాపల్లి దాటకముందే సమోసాలు అమ్మే అతనికి చెప్పింది. "మా అమ్మమ్మ చనిపోయింది. కాకి వేరే." అతను బుట్ట దించి, "అలాగేటమ్మా," అని సమోసా ఒకటి ఎక్కువ వేశాడు. తర్వాత టీసీకి చెప్పింది. ఆయన మా టికెట్ చూస్తూ, "అయ్యో," అన్నాడు. పై బెర్తు మీద పడుకున్న కుర్రాణ్ణి లేపి మరీ చెప్పింది. అతను లేచి కూర్చుని, ఏం చేయాలో తెలియక, ఇయర్‌ఫోన్లు తీసేశాడు.

మొదటిసారి విన్నప్పుడు ఆపుదామనుకున్నాను. ఎనిమిది నెలలుగా మా ఇంటికి వచ్చినవాళ్ళు ఈ మాట గొంతు తగ్గించి అన్నారు, లేదా అనకుండా తప్పించుకున్నారు. ఈ పిల్ల మామూలు గొంతుతో, జిరాఫీ సంగతి చెప్పినట్టే చెబుతోంది. మూడోసారికి నేను కూడా తల ఎత్తి విన్నాను.

సామర్లకోటలో ఒక నర్సు ఎక్కింది. డ్యూటీ దిగి రాజమండ్రి దగ్గర వాళ్ళ ఊరికి వెళ్తోందట. కూర్చుని చెప్పులు విప్పుకునేలోపే ఆద్య ఆమెకీ చెప్పింది.

"మా అమ్మమ్మ చనిపోయింది. కాకి వేరే."

నర్సు అయ్యో అనలేదు. వంగి, పిల్ల ముఖం చూస్తూ, "మీ అమ్మమ్మ పేరేంటమ్మా?" అంది.

ఆద్యకి తెలియదు. అమ్మమ్మకి వేరే పేరు ఉంటుందన్న సంగతే తెలిసినట్టు లేదు. నా వైపు చూసింది.

నెలనెలా మాసికంలో పురోహితుడు పలికించే పేరు రాజ్యలక్ష్మి. గోత్రంతో కలిపి పలుకుతాను. అది రేషన్ కార్డులోని పేరు. ఇంట్లో పిలిచిన పేరు ఎనిమిది నెలల్లో ఒక్కసారీ నా నోటికి రాలేదు, పిలవడానికి మనిషి లేదు కనుక.

"రాజ్యం," అన్నాను.

"రాజ్యం," అని ఆద్య నర్సుకి చెప్పింది. నందు వాళ్ళక్క నోటికేసి చూసి, "దాజ్జెం," అన్నాడు. మాధవి కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి వాడికి పలకడం నేర్పబోయింది. వాడికి రాలేదు, మళ్ళీ మళ్ళీ అన్నాడు.

ఆద్య సీటు దిగి, పై బెర్తు కుర్రాడికి, తర్వాత పక్క వరసలో వాళ్ళకి చెప్పడానికి వెళ్ళింది. బండి గోదావరి దాటి నిడదవోలు చేరేలోపు ఆ పెట్టెలో ఉన్న వాళ్ళందరికీ మా ఆవిడ పేరు తెలిసింది.